మొండి క్రిములకు ఫెర్న్ మొక్కలు మందవుతాయా?



ఈసారి మా మాటలు ఒక దుంపతో మొదలుపెట్టి మీ ఇంట్లోని మందుల డబ్బా దగ్గర ముగించాలని అనుకుంటున్నాము. ఈ రెండింటికీ సంబంధం ఏమిటా అని మీకు అనిపించవచ్చు. దయచేసి చివరి వరకు చదవండి.

కొంతకాలం క్రితం మా మగవారి సర్జికల్ వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. పదిహేనేళ్లుగా షుగరు. అరికాలిలో ముల్లు గుచ్చుకున్న సంగతి కూడా తెలియలేదు. స్పర్శ లేని కాలు గదా! పుండు పడింది, చీము పట్టింది. ఊళ్లో మందుల షాపులో అడిగి రెండు రోజులు ఒక మాత్ర వేసుకున్నారు. నొప్పి లేదు కాబట్టి మానేశారు. పది రోజుల తరువాత మరో రంగు మాత్ర మూడు రోజులు వేసుకున్నారు. ఆ తరువాత ఒకాయన ఇంటికి వచ్చి నాలుగు సూదులు వేశాడు. ఇలా రెండు నెలలు గడిచాక మా దగ్గరికి వచ్చారు. చీము తీసి కల్చర్ పరీక్షకు పంపాము. మూడో రోజు వచ్చిన రిపోర్టులో పదిహేను మందుల పేర్లు ఉంటే, పదమూడింటికి ఎదురుగా 'ఆర్' అని ఉంది. 'ఆర్' అంటే ఆ మందు ఆ క్రిమి మీద పనిచేయదని అర్థం. 'ఎస్' అని ఉన్నవి రెండే. ఆ రెండూ ఖరీదైన ఇంజెక్షన్లు. వాటిలో ఒకటి మూత్రపిండాలను కనిపెట్టుకుంటూ ఇవ్వవలసినది.

ఆ సాయంత్రం పెద్దాయన కూతురు ఒక కాగితపు పొట్లంతో మా దగ్గరికి వచ్చింది. విప్పి చూస్తే గోధుమరంగు నూగుతో, గొర్రెబొచ్చు కప్పుకున్నట్లున్న ఒక దుంప. "సిస్టరమ్మా, మా బావగారు తమిళనాడులో కొల్లి కొండలకు వెళ్లి తెచ్చారు. ఇది మందులకు లొంగని క్రిముల్ని కూడా చంపుతుందని ఫోనులో వీడియో వచ్చింది. నూరి నాన్న కాలికి కట్టమంటారా?" అని అడిగింది.

అప్పుడు మేము చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అక్కడున్న మా సిస్టర్లలో ఇద్దరు నవ్వారు. మేము నవ్వలేదు గాని, "అవన్నీ నమ్మకమ్మా, పొట్లం ఇంటికి పంపించెయ్" అని ఒక్క మాటతో తోసేశాము. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. రెండు రోజుల తరువాత ఉదయం డ్రెస్సింగ్ విప్పితే, గాజు గుడ్డ కింద పుండులో గోధుమరంగు ముద్ద కనబడింది. రాత్రి ఎవరూ చూడకుండా కట్టు వదులు చేసి పెట్టారు. "ఎందుకమ్మా ఇలా చేశావు? మాకు చెప్పకూడదా?" అని అడిగితే, "చెప్పాను గదా, మీరు నవ్వారు" అంది.

ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

ఆ దుంప వట్టి బూటకం కాదు

ఆ పొట్లంలోనిది ఒక ఫెర్న్ మొక్క దుంప. శాస్త్రజ్ఞులు దాన్ని డ్రైనేరియా క్వెర్సిఫోలియా అంటారు. తమిళంలో ఆట్టుకాల్ కిళంగు, అంటే మేకకాలు దుంప. చెట్ల మొదళ్ల మీద, రాళ్ల మీద పాకుతూ పెరుగుతుంది. కొల్లి కొండల్లో దానితో సూపు కాచి కీళ్లనొప్పులకు మంచిదని యాత్రికులకు అమ్ముతారు.

ఫెర్న్ మొక్కలంటే తెలియనివారికి ఒక మాట. వీటికి పూలు పూయవు, కాయలు కాయవు, విత్తనాలు ఉండవు. ఆకు వెనుక గోధుమరంగు చుక్కలలాగా కనిపించే సంచులలో పిండిలాంటి బీజాలు ఉంటాయి. వాటితోనే సంతానం. పాత బావుల లోపలి గోడల మీద చల్లగా వేలాడే మెత్తని ఆకులు మీరు చూసే ఉంటారు, అవి ఫెర్న్‌లే. వరి మడిలో నీటి మీద తేలుతూ పశువులకు మేతగా, పొలానికి ఎరువుగా వాడే అజొల్లా కూడా ఫెర్నే. మన అరకు, అనంతగిరి, మారేడుమిల్లి అడవుల్లో వాగుల వెంట ఎన్నో రకాలు పెరుగుతాయి. మన దేశంలో వెయ్యికి పైగా రకాలున్నాయి. భూమి మీద పూలమొక్కలు రాకముందే ఇవి ఉన్నాయి. తడిలో, నీడలో, బూజుల మధ్య, బాక్టీరియా మధ్య కోట్ల సంవత్సరాలు బతికిన మొక్కలు తమను తాము కాపాడుకోవడానికి ఏవో రసాయనాలు తయారు చేసుకొని ఉంటాయని శాస్త్రజ్ఞులు అనుకోవడంలో వింత లేదు.

ఆ ఊహ ఉత్తదేమీ కాదు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థవారు ఫెర్న్ మొక్కలను వెదికి, టెక్టేరియా అనే ఒక ఫెర్న్ నుండి తెల్లదోమను చంపే ప్రోటీన్‌ను కనుగొన్నారు. దాని జన్యువును పత్తి మొక్కలో పెడితే తెల్లదోమను తట్టుకున్నదని 2016లో ప్రకటించారు. తెల్లదోమ అంటే ఏమిటో పత్తి రైతు కుటుంబాలకు మేము చెప్పనక్కరలేదు. అలాగే డ్రయోప్టెరిస్ అనే జాతి ఫెర్న్‌లలోని కొన్ని పదార్థాలు, మందులకు లొంగని స్టెఫైలోకాకస్ క్రిములను సైతం ప్రయోగశాలలో ఆపగలిగాయి. ఆ అమ్మాయి తెచ్చిన మేకకాలు దుంప సారం మీద కూడా మన దేశంలోని ప్రయోగశాలల్లో ఇటువంటి పరీక్షలు జరిగాయి. కొన్ని క్రిముల మీద ఫలితం కనబడింది.

అంటే ఆ అమ్మాయి ఫోనులో చూసినదానిలో ఒక నిజం ఉంది. నవ్వవలసిన విషయం కాదు. ఆ నిజం ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది అనేది మేము ఆ రోజు కూర్చోబెట్టి చెప్పి ఉండవలసింది. అది ఇప్పుడు చెబుతాము.

గాజు పళ్లెం నుండి మంచం దాకా

ప్రయోగశాలలో పరీక్ష ఎలా చేస్తారంటే, చిన్న గాజు పళ్లెంలో జున్నులాగా గడ్డకట్టిన ఆహారం పోసి దాని మీద క్రిములను పరుస్తారు. మొక్క సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. మరునాటికి పళ్లెమంతా క్రిములు పెరుగుతాయి. బిళ్ల చుట్టూ మాత్రం శుభ్రంగా ఖాళీ గుండ్రం కనిపిస్తే, ఆ సారంలో క్రిములను ఆపే గుణం ఉన్నట్లు. మీ కల్చర్ రిపోర్టులో 'ఎస్', 'ఆర్' అని రాసేది కూడా చాలా చోట్ల ఇటువంటి పరీక్ష చూసే.

ఆ ఖాళీ గుండ్రం నిజమే. కాని గాజు పళ్లెంలో మూత్రపిండాలు లేవు, కాలేయం లేదు, గర్భంలో శిశువు లేదు. బ్లీచింగ్ పొడి వేసినా పళ్లెంలో క్రిములు చస్తాయి. అంతమాత్రాన బ్లీచింగ్ పొడిని రక్తంలోకి ఎక్కించలేము గదా.

రెండవది మోతాదు. మంచి యాంటీబయాటిక్ చాలా స్వల్ప మొత్తంలోనే క్రిమిని ఆపుతుంది. ముడి మొక్క సారాలు సాధారణంగా దానికి కొన్ని వందల రెట్లు చిక్కగా ఉంటేనే గుండ్రం చూపిస్తాయి. అంత చిక్కదనం మనిషి రక్తంలో రావాలంటే గంపల కొద్దీ దుంపలు తినాలి. తిన్నా జీర్ణాశయంలో ఎంత నాశనమవుతుందో, రక్తంలోకి ఎంత వెళుతుందో లెక్క ఉండదు.

మూడవది నిలకడ. వానాకాలంలో తవ్విన దుంప, ఎండాకాలంలో తవ్విన దుంప ఒకటి కావు. ఈ కొండమీదిది, ఆ కొండమీదిది ఒకటి కావు. మేము మందు ఇచ్చేటప్పుడు ప్రతి సీసాలో ఎంత ఉందో చూసి ఇస్తాము. దుంపకు ఆ చీటీ ఉండదు.

నాలుగవది, మొండి క్రిములన్నీ ఒక రకం కావు. ఫెర్న్ సారాలకు కాస్త లొంగినవి ఎక్కువగా స్టెఫైలోకాకస్ వంటివి. మన వార్డుల్లో ఎక్కువ బాధపెట్టే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి క్రిములకు బయట ఇంకొక పొర ఉంటుంది. లోపలికి వచ్చిన మందును తిరిగి బయటికి తోడిపోసే పంపులు కూడా ఉంటాయి. వాటి దగ్గర చాలా మొక్కల సారాలు ఓడిపోతాయి.

ఫెర్న్ మందు చరిత్ర మనకు చెప్పే సంగతి

ఫెర్న్ నుండి మందు రావడం కొత్త సంగతి కాదు. ఐరోపాలో మగ ఫెర్న్ అని పిలిచే మొక్క వేరుభాగాన్ని ప్రాచీన కాలం నుండి బద్దెపురుగులకు వాడేవారు. నూఫర్ అనే ఆమె ఆ మందును రహస్యంగా ఉంచి ఇస్తుంటే, 1775లో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ డబ్బు ఇచ్చి ఆ రహస్యాన్ని కొని అందరికీ తెలియజేశాడు. ఆ తరువాత దాదాపు రెండు వందల సంవత్సరాలు అది వైద్య గ్రంథాలలో ఉంది. నిజంగా పనిచేసేది. పురుగు పట్టు వదిలి బయటికి వచ్చేది.

కాని మోతాదు కాస్త మించితే రోగికి కళ్లు పోయేవి. ప్రాణం కూడా పోయేది. ఆ మందుతో పాటు విరేచనానికి ఆముదం మాత్రం ఇవ్వకూడదని పాత పాఠ్యపుస్తకాలు ప్రత్యేకంగా హెచ్చరించేవి. ఎందుకంటే నూనెతో కలిస్తే మందు ఎక్కువగా ఒంటికి పడుతుంది. కడుపు శుభ్రం కావాలంటే ఆముదం అనుకునే మన ఇళ్లలో ఈ హెచ్చరిక ఎవరికి తోస్తుంది? 1960లలో నిక్లోసమైడ్ మాత్ర వచ్చాక ఫెర్న్ మందు వెనుకబడిపోయింది.

ఇంకొక ఫెర్న్ ఉంది, టెరిస్ విట్టేటా అని. మన దేశంలో కూడా పాత గోడల పగుళ్లలో, సున్నం ఉన్న చోట్ల పెరుగుతుంది. అది నేలలోని ఆర్సెనిక్ అనే విషాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. విషపు నేలను శుభ్రం చేయడానికి అది మంచి మొక్క. కషాయానికి మాత్రం కాదు. బ్రాకెన్ అనే మరో ఫెర్న్ మేసిన పశువులకు మూత్రంలో రక్తం పడుతుంది, మూత్రాశయంలో కేన్సరు గడ్డలు వస్తాయి. మరోపక్క, ఈశాన్య రాష్ట్రాల్లో, హిమాలయ ప్రాంతాల్లో కొన్ని ఫెర్న్‌ల లేత చిగుళ్లు శుభ్రంగా కూర వండుకొని తింటారు. పేరు ఒకటే ఫెర్న్. ఒకటి కూర, ఒకటి విషం, ఒకటి రేపటి మందు కావచ్చు. చూపుకు వీటి ఆకులు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. తెలియనివారు పొట్లం కట్టి ఇస్తే ఏదో ఎలా పోల్చుకుంటాము?

అయితే మొక్క నుండి గొప్ప మందు రాదని మేము అనడం లేదు. చైనాలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు పాత వైద్య గ్రంథాలు చదివి, ఒక మాచిపత్రి జాతి మొక్క నుండి 1972 నాటికి మలేరియా మందు తీశారు. అదే ఆర్టిమిసినిన్. లక్షలాది ప్రాణాలు కాపాడింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దల జ్ఞానాన్ని ఆమె ఎగతాళి చేయలేదు, ఉన్నదున్నట్లు నమ్మి రోగులకు తాగించనూ లేదు. వేడి చేస్తే గుణం పోతున్నదని గ్రహించి చల్లని పద్ధతిలో సారం తీశారు. జంతువుల మీద చూశారు. రోగులకు ఇచ్చే ముందు తానూ తన తోటివారూ ముందుగా తీసుకొని చూశారు. ఫెర్న్ మొక్కలకు జరగవలసింది ఇదే. ఇప్పటికి జరగనిది కూడా ఇదే. గాజు పళ్లెం దగ్గర పరీక్షలు చాలా జరిగాయి. మొండి క్రిముల జబ్బుకు రోగి మంచం దాకా వచ్చి ఆమోదం పొందిన ఫెర్న్ మందు ఇప్పటికి లేదు.

"ఎలాగూ మందు పనిచేయదు గదా, కట్టి చూస్తే పోయేదేముంది?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

పోయేది ఉంది. మొదట, మందు పనిచేయదన్నది చాలాసార్లు నిజం కాదు. ఆ పెద్దాయన రిపోర్టులో పదమూడు 'ఆర్'లు ఉన్నా రెండు 'ఎస్'లు ఉన్నాయి. ఆ రెండింటితోనే వైద్యం జరిగింది. రెండవది, మట్టిలో పెరిగిన దుంపను ఇంటి రోటిలో నూరితే అందులో ధనుర్వాతం క్రిముల గింజలు ఉండవచ్చు, కండ కుళ్లించే ఇతర క్రిములు ఉండవచ్చు. తెరిచి ఉన్న పుండులో వాటిని మనమే నాటినట్లవుతుంది. మూడవది, కాలం. షుగరు రోగి కాలి పుండులో ఒక్కొక్క రోజు విలువ ఎంతో వేళ్లు పోయినవారిని అడగండి.

ఇంకొక సంగతి. మొండి క్రిమి పుండుకు వైద్యం అంటే ఇంజెక్షను ఒక్కటే కాదు. చచ్చిన కండను తీసివేయడం, రోజూ శుభ్రమైన కట్టు, షుగరును అదుపులో పెట్టడం, కాలి మీద బరువు వేయకుండా చూసుకోవడం, మంచి ఆహారం. ఇవన్నీ ఏ క్రిమీ ఎదిరించలేని మందులు. వీటికి 'ఆర్' అనేది లేదు.

ఆ పెద్దాయనకు ఏమైందని మీరు అడుగుతారు. ఆ ముద్దనంతా కడిగి, మళ్లీ ఒకసారి థియేటరుకు తీసుకువెళ్లి శుభ్రం చేశారు. రెండు కాలివేళ్లు తీసేయవలసి వచ్చింది. ఆ ముద్ద వల్లనే వేళ్లు పోయాయని మేము అనలేము. అంతకుముందే అవి నల్లబడుతున్నాయి. కాని పాదం దక్కింది. ఐదు వారాల తరువాత చేతికర్ర పట్టుకొని తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లారు. వెళ్లేముందు ఆయన కూతురు మా చేతులు పట్టుకుంది. మేము ఆమెను క్షమాపణ అడిగాము.

కొత్త మందు వచ్చినా మన చేతుల్లో ఎన్నాళ్లు ఉంటుంది?

ఇప్పుడు అసలు మాట. రేపు ఫెర్న్ నుండి నిజంగానే గొప్ప మందు వచ్చిందనుకుందాము. మన అలవాట్లు మారకపోతే అది ఎన్నాళ్లు పనిచేస్తుంది?

1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఈ భయం చెప్పాడు. గొంతునొప్పితో ఒకాయన తానే పెన్సిలిన్ కొని చాలీచాలకుండా వాడితే, క్రిములు చావకపోగా దానికి అలవాటుపడతాయని, ఆ క్రిములు ఆయన భార్యకు సోకితే ఆమెకు పెన్సిలిన్ పనిచేయక ప్రాణం పోవచ్చని ఉదాహరణగా చెప్పాడు. అప్పటికి మన తల్లులు చాలామంది పుట్టలేదు. అయినా మా వార్డులోని పెద్దాయన కథ ఆయనకు తెలిసినట్లే చెప్పాడు.

పెన్సిలిన్‌కు లొంగని క్రిముల కోసం మెథిసిలిన్ అనే మందు తెచ్చారు. అది వాడుకలోకి వచ్చిన కొద్ది కాలానికే, 1961లో ఇంగ్లండులో దానికీ లొంగని క్రిములు బయటపడ్డాయి. ఆర్టిమిసినిన్ కూడా అంతే. 2008 నాటికి కాంబోడియా పశ్చిమ ప్రాంతంలో దాని పట్టు సడలడం కనిపించింది. 2019 సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణానికి మందులకు లొంగని బాక్టీరియాలే నేరుగా కారణమని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. 2025 నుండి 2050 వరకు ఈ లెక్క 3 కోట్ల 90 లక్షలు దాటవచ్చని 2024లో అదే పత్రిక మరో అంచనా ప్రచురించింది. వీరిలో బాలింతలు, నెల నిండని పసిబిడ్డలు, ఆపరేషను చేయించుకున్నవారు, మీరు, మేము అందరం ఉండవచ్చు.

క్రిములు మనకంటే తెలివైనవి కావు. కాని సంఖ్యలో ఎక్కువ, సంతానంలో వేగం ఎక్కువ. కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతాయి. లక్షల్లో ఒకటి మందును తట్టుకొని మిగిలితే, మందు సగంలో ఆగితే, ఆ ఒక్కటే మళ్లీ లక్షలు అవుతుంది. తాను నేర్చినది పక్క క్రిమికి కూడా అందిస్తుంది. కాబట్టి ఫెర్న్ మందు వచ్చినా, మందుల షాపులో రెండు రోజులకు రెండు మాత్రలు అడిగి కొనుక్కునే అలవాటు ఉన్నంతకాలం, ఆ మందు పేరు ఎదురుగా కూడా ఒకనాడు 'ఆర్' అని రాయవలసి వస్తుంది.

మా అభిప్రాయం, మా మనవి

మా నర్సులకు, డాక్టర్లకు, మాకు మేము చెప్పుకునేది: రోగి ఆకు పసరు గురించి, దుంప గురించి అడిగితే నవ్వవద్దు. "ఏం వాడారు? ఎంత వాడారు? ఎప్పటి నుండి?" అని కూర్చోబెట్టి అడగాలి, కేసు షీటులో రాయాలి. మేము ఆ తరువాత నుండి వార్డులో చేరిన ప్రతివారినీ ఈ మూడు ప్రశ్నలు అడుగుతున్నాము. నవ్వితే రోగి మానడు, దాస్తాడు.

పరిశోధన చేసేవారికి, ప్రభుత్వానికి: గాజు పళ్లెం దగ్గర ఆగిపోకండి. ఏ పదార్థం పనిచేస్తున్నదో విడదీసి, విషగుణం చూసి, నిజమైన రోగుల మీద నియమం ప్రకారం పరీక్షించే దాకా డబ్బు, ఓపిక పెట్టండి. ఆ జ్ఞానం ఇచ్చిన గిరిజన పెద్దలకు లాభంలో వాటా దక్కాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉద్దేశం. అది కాగితం మీద మిగిలిపోకూడదు. వీడియో చూసి కొండలెక్కి దుంపలన్నీ పెకలించి అమ్ముకుంటే, పరీక్ష చేయడానికి మొక్క కూడా మిగలదు.

కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువులు ఉన్న కుటుంబాలకు: జబ్బు లేకుండా ముందుగానే మేతలో యాంటీబయాటిక్ కలపకండి. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకూడదని 2019 జూలైలో ప్రభుత్వం నిషేధించింది.

ఇక ప్రతి కుటుంబానికీ మా మనవి ఇది:

1. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు. దీని గురించి ప్రభుత్వం 2016 నుండి ప్రచారం చేస్తున్నది. కొన్ని బలమైన మందులను అమ్మిన షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుండి నిబంధన ఉంది. షాపువారు చీటీ అడిగితే కోపపడకండి. వారు మీ మేలే చేస్తున్నారు.

2. డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులే వాడండి. తక్కువ వద్దు, మీ అంతట మీరు ఎక్కువా వద్దు. మందు పడక మానాలనిపిస్తే ముందు మాకు చెప్పండి.

3. జలుబు, మామూలు దగ్గు, ఒళ్లునొప్పులతో వచ్చే జ్వరం చాలాసార్లు వైరస్ వల్ల వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. "ఒక సూది వెయ్యండి" అని డాక్టరును బలవంతపెట్టకండి.

4. మిగిలిపోయిన మాత్రలు పక్కింటివారికి, పిల్లలకు, పశువులకు ఇవ్వకండి.

5. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. కళ్లు కనబడకపోతే మనుమలను చూడమనండి. చెప్పులు లేకుండా నడవకండి. చిన్న పుండు అయినా రెండు రోజుల్లో చూపించండి.

6. వార్డుకు రోగిని చూడడానికి వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు సబ్బుతో చేతులు కడుక్కోండి. మేము చేతులు కడగకుండా రోగిని ముట్టుకోబోతే మమ్మల్ని ఆపండి. మేము బాధపడము.

7. పసరు వాడినా, కషాయం తాగినా, దుంప కట్టినా దాచకండి. మాతో చెప్పండి. మేము నవ్వము. ఇది మా మాట.

ఇప్పుడు మొదట చెప్పిన మందుల డబ్బా సంగతి. ఈ రాత్రి మీ ఇంట్లో బీరువాలోనో, అటక మీదనో ఉన్న ఆ డబ్బాను ఒకసారి దించండి. సగం మిగిలిన ఎర్రగీత అట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు వాటిని ఒక కవరులో వేసి తీసుకురండి. మా సిస్టర్లు చూసి, ఏది ఎందుకు ఇచ్చారో, ఎందుకు మిగిలిందో మీతో మాట్లాడతారు. పారేయవలసినవి మేమే సరైన విధంగా పారేస్తాము.

ఫెర్న్ మొక్క అడవిలో ఎదురుచూస్తూ ఉంది. దానిలో మందు ఉంటే శాస్త్రజ్ఞులు ఒకనాడు తీస్తారు, ఆ రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాము. ఈలోగా మన చేతిలో ఉన్న మందులను మనం పాడుచేసుకోకూడదు. ఆ పెద్దాయన రిపోర్టులో మిగిలిన రెండు 'ఎస్'లు మీ ఇంట్లో ఎవరికైనా ఒకనాడు అవసరం కావచ్చు.

ఇట్లు,
నర్సింగ్ సూపరింటెండెంట్,
నర్సింగ్ విభాగం తరఫున